కొన్న ఇల్లు, దాచిన మాట: భయానక చిత్రాలలో దాంపత్యం – చేవెళ్ళ, మొయినాబాద్ నేల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

హిందీ, తెలుగు భయానక చిత్రాలలో ఎక్కువ కథలు ఒక ఇంటితో మొదలవుతాయి. భార్యాభర్తలు ఆ ఇంట్లోకి వస్తారు. ఇంటికి ఒక గతం ఉంటుంది. ఆ గతం భార్యకు ముందుగా వినిపిస్తుంది, భర్త నమ్మడు. ఈ చట్రం ప్రేక్షకులకు ఎంతగా అలవాటైందంటే దీని వెనుక ఉన్న చరిత్రను పరిశీలించవలసిన అవసరం ఉందని తోచదు. ఈ చిత్రాలపై జరిగే చర్చ కూడా తరచుగా మూఢనమ్మకం, హేతువాదం అనే రెండు కొసల మధ్యే తిరుగుతుంది. దెయ్యం ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే, ఆ దెయ్యం ఏ ఇంట్లో ఉంది, ఆ ఇల్లు ఎవరు కొన్నారు, ఏ నేల మీద కట్టారు, దాని సంగతి ఎవరు ఎవరి దగ్గర దాచారు అన్న ప్రశ్నలు మరుగున పడతాయి.

ఈ వ్యాసం ఆ మరుగున పడిన ప్రశ్నలను తీసుకుంటుంది. 1949 నుంచి 2022 దాకా వచ్చిన కొన్ని హిందీ, తెలుగు చిత్రాలను కాలక్రమంలో పరిశీలిస్తుంది. రామ్‌గోపాల్ వర్మ తెలుగులో తీసిన 'దెయ్యం' (1996), హిందీలో తీసిన 'భూత్' (2003), వాటి నడుమ వచ్చిన విక్రమ్ భట్ చిత్రం 'రాజ్' (2002) ఈ పరిశీలనకు కేంద్రం. హైదరాబాదు పడమటి అంచున ఉన్న చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతపు భూచరిత్ర దీనికి నేపథ్యం. 'దెయ్యం' చిత్రంలోని ఇల్లు ఫలానా గ్రామంలోనిదని నిరూపించడం ఇక్కడి ఉద్దేశం కాదు. నగరం వెలుపల ఒంటరిగా నిలిచిన ఫామ్‌హౌస్ ఒక భయస్థలంగా తెలుగు తెరపైకి వచ్చిన కాలానికీ, అటువంటి ఇళ్ళు ఈ నేల మీద లేచిన కాలానికీ ఉన్న పొంతనను గుర్తించడమే ఉద్దేశం.

మహలు నుంచి సమాధి దాకా

కమాల్ అమ్రోహీ దర్శకత్వంలో 1949లో వచ్చిన 'మహల్' హిందీ భయానక చిత్రాలకు తొలి మెట్టుగా గుర్తింపు పొందింది. అశోక్ కుమార్, మధుబాల నటించిన ఈ చిత్రాన్ని పునర్జన్మ కథగా, పాటల చిత్రంగా గుర్తుపెట్టుకున్నవారు ఎక్కువ. కాని దానిలో ఒక విఫల దాంపత్యం ఉంది. పాత మహలులో కనిపించే ఆడరూపం మీద మోహంతో కథానాయకుడు పెళ్ళాడిన భార్య రంజనను పట్టించుకోడు. ఆమె విషం తాగి, తన చావుకు భర్తే కారకుడని పోలీసుల ముందు చెప్పి మరణిస్తుంది. చివరికి మహలులోని 'దెయ్యం' తోటమాలి కూతురని తేలుతుంది. అంటే ఈ చిత్రంలో దెయ్యం అబద్ధం, భార్య దుఃఖం నిజం. బతికి ఉన్నంతకాలం వినిపించని ఆమె మాటకు విలువ దక్కింది మరణ వాంగ్మూలంగానే. తరువాతి అర్ధశతాబ్దపు చిత్రాలలో చనిపోయిన స్త్రీలే సాక్ష్యం చెప్పడానికి తిరిగిరావడం చూసినప్పుడు, రంజన పాత్ర వాటికి పూర్వరూపమని అర్థమవుతుంది.

1970లలో రామ్సే సోదరులు భయానక చిత్రాన్ని తక్కువ పెట్టుబడితో తయారయ్యే ప్రత్యేక సరుకుగా మార్చారు. వారి తొలి భయానక చిత్రం 'దో గజ్ జమీన్ కే నీచే' (1972). రెండు గజాల నేల కింద అని దాని పేరుకు అర్థం. భార్య, ఆమె ప్రియుడు కలిసి ధనవంతుడైన భర్తను కడతేర్చాలని చూడటం, అతడు సమాధి నుంచి తిరిగి రావడం అందులోని కథ. ఇక్కడ దోషం భార్యది, భయపెట్టే హక్కు భర్తది. 1984 నాటి 'పురానా మందిర్'లో ఒక రాజవంశపు స్త్రీలు కాన్పులో చనిపోవాలన్న శాపం కథకు మూలం. పూర్వులు చేసిన పనికి శిక్ష పడేది ఆ ఇంటి ఆడవారి శరీరాల మీద. ఈ చిత్రాలన్నింటిలో ఇల్లు వంశపారంపర్యమైన ఆస్తి. కోట, హవేలీ, జమీందారు బంగళా వంటివి కొనుక్కుంటే వచ్చేవి కావు, పుట్టుకతో వచ్చేవి. కాబట్టి అక్కడి దెయ్యం కూడా వంశపు దెయ్యమే.

తెలుగులో ఈ వారసత్వ భయం చాలాకాలం నవలల్లో నిలిచింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 1980ల పాఠకుడికి పరిచయం చేసిన భయం వేరు. అందులోని కుటుంబం కోటలో ఉండదు. చదువుకున్న భార్యాభర్తలు, ఒక పాప, ఆ పాప మీద ప్రయోగం. భయం మధ్యతరగతి ఇంటి పడకగదిలోకి వచ్చింది. వైద్యుడి మాట వినాలా, మంత్రగాడి మాట వినాలా అన్న సందిగ్ధం భార్యాభర్తల మధ్య చర్చగా మారింది. సినిమా ఈ మలుపు తీసుకోవడానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

చేవెళ్ళ, మొయినాబాద్: నీటి కోసం మిగిలిన నేల

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత, నగరానికి వరద నుంచి రక్షణ, తాగునీరు రెండూ కల్పించే ఉద్దేశంతో రెండు జలాశయాలు నిర్మించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు చెరువులకు నీరు చేరే నేలలో ఎక్కువ భాగం నేటి మొయినాబాద్, చేవెళ్ళ, శంకరపల్లి, షాబాద్, శంషాబాద్ మండలాల్లో ఉంది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం అందులో చేరింది. కూరగాయలు, పూలు, జొన్న పండించే ఈ గ్రామాలు నగరానికి కూతవేటు దూరంలోనే ఉన్నా, నగరపు కాలనీలు అటు పాకలేదు.

దానికి కారణం చట్టం. 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించింది. ఈ పరిధిలోకి వచ్చిన గ్రామాలు 84. విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు. కట్టడం విస్తీర్ణం స్థలంలో సగానికి మించరాదన్న నియమం కూడా ఉంది. ఈ పరిధిలో ఒక నూనెల పరిశ్రమకు అనుమతి విషయంలో సుప్రీంకోర్టు 1999లో, 2000లో ఇచ్చిన తీర్పులు పర్యావరణ న్యాయశాస్త్రంలో ముందుజాగ్రత్త సూత్రానికి ప్రామాణికమయ్యాయి.

నీటి రక్షణకై వచ్చిన ఈ ఉత్తర్వు ఒక ప్రత్యేకమైన ఇంటి రూపానికి కూడా పరోక్షంగా దారి తీసింది. కాలనీ కట్టడానికి వీలులేదు. కాని ఎకరం, రెండెకరాలు కొని మధ్యలో ఒక చిన్న ఇల్లు కట్టుకుని దానిని వ్యవసాయ క్షేత్రంగా చెప్పుకోవచ్చు. నగరవాసి కొనుగోలుదారు ఈ దారి పట్టాడు. చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలాదారు, మామిడి చెట్లు, వారాంతంలో తప్ప దీపం వెలగని ఇల్లు. మొయినాబాద్, చేవెళ్ళ పేర్లు నగరంలో ఫామ్‌హౌస్‌కు పర్యాయపదాలయ్యాయి. ఇరుగుపొరుగు లేని ఇల్లు తెలుగు పల్లెలో అరుదు. ఊరంటే గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. పొలంలో ఒంటరిగా ఇల్లు కట్టుకున్నవాడిని ఊరు వింతగా చూసింది. కేక వేస్తే పలికే మనిషి లేని ఇల్లు భయానక కథకు కావలసిన తొలి పరికరం. దానిని ఇక్కడ సమకూర్చింది భూవినియోగ నియమం.

ఈ నేలకు మరొక లక్షణం ఉంది. తెలంగాణ పల్లెల్లో పలు కులాల వారు తమ పెద్దలను సొంత పొలంలోనే పూడ్చి, అక్కడ చిన్న గద్దె కట్టుకుంటారు. ఊరి ఉమ్మడి బొందలగడ్డ వేరు, ఇంటి పొలంలోని సమాధి వేరు. పండుగనాడు వెళ్ళి దీపం పెట్టే చోటు అది. పొలం అమ్మినప్పుడు పహాణీలో ఎకరాలు, గుంటలు రాస్తారు. సమాధి రాయరు. కొనేవాడు లింకు డాక్యుమెంట్లు, భారాల ధృవపత్రం చూసుకుంటాడు. అందులో చనిపోయినవారికి గడి లేదు. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా వికారాబాదు వైపు సాగే రహదారికి ఇరుపక్కలా ఉన్న పాత మర్రిచెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడాలని జరిగిన ఉద్యమం కూడా ఈ సందర్భంలో గమనించదగింది. తెలుగు జానపద విశ్వాసంలో దెయ్యానికి స్థిరనివాసం మర్రి లేదా చింత. పాత కథల్లో మనిషి రాత్రివేళ ఆ చెట్టు కిందికి వెళ్ళి దెయ్యం పట్టించుకుంటాడు. నగరం విస్తరించాక చెట్టు పోయింది, దాని కింది నేల అమ్ముడైంది. కథల్లో దెయ్యం ఇంట్లోకి రావడానికి ఈ మార్పు తగిన నేపథ్యం.

'దెయ్యం' (1996): కొన్న నేల మీది కుటుంబం

రామ్‌గోపాల్ వర్మ 1992లో 'రాత్రి' తీశాడు. అదే చిత్రం హిందీలో 'రాత్'గా వచ్చింది. అందులో కొత్త ఇంట్లోకి మారిన కుటుంబంలోని కూతురిని దెయ్యం ఆవహిస్తుంది. నాలుగేళ్ళ తరువాత వచ్చిన 'దెయ్యం'లో జయసుధ, మహేశ్వరి, జె.డి. చక్రవర్తి ప్రధాన పాత్రధారులు. నగర పొలిమేరలోని ఫామ్‌హౌస్‌కు అక్క, బావ, వారి బిడ్డ, చెల్లెలు మారతారు. ఆ ఇల్లు లేచిన నేల ఒకప్పుడు శ్మశానం.

111వ ఉత్తర్వు, ఈ చిత్రం రెండూ 1996లోనివి. ఒకటి మరొకదానికి కారణమని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నగరం వెలుపల నేల కొనడం మధ్యతరగతికి ఒక కలగా మారిన కాలం అది. ఆ కలను చట్టం ఒక వైపు నుంచి, సినిమా మరో వైపు నుంచి తాకాయి. శ్మశానం మీద కట్టిన ఇల్లు అనే అంశం హాలీవుడ్‌లో 1982 నాటి 'పోల్టర్‌గైస్ట్' ద్వారా ప్రసిద్ధమైంది. అయితే పరాయి కథాంశం ఒక ప్రాంతంలో పాదుకోవాలంటే అక్కడ దానికి తగిన అనుభవం ఉండాలి. బొందలగడ్డలు సర్వే నంబర్లుగా మారుతున్న హైదరాబాదు శివార్లలో ఆ అనుభవం కావలసినంత ఉంది.

దాంపత్యం దృష్ట్యా చూస్తే 'దెయ్యం'లోని భార్యాభర్తల మధ్య తగాదా ప్రధానం కాదు. కాని వంశపు హవేలీ స్థానంలో దంపతుల ఇల్లు వచ్చింది. ఆ ఇంటికి మారాలన్నది కుటుంబపు సొంత నిర్ణయం. ఇక శాపాన్ని తాతల మీదికి నెట్టే వీలు లేదు. ఇంటికి పట్టిన కీడుకు బాధ్యత దంపతుల మీదే పడుతుంది. తరువాతి హిందీ చిత్రాలు ఈ బాధ్యతను భార్యాభర్తల మధ్య పంచిన తీరులోనే అసలు మార్పు కనిపిస్తుంది.

'రాజ్' (2002): క్షమించదగిన భర్త

2002 ఫిబ్రవరిలో విడుదలైన 'రాజ్' ఘనవిజయం సాధించింది. బిపాషా బసు, డీనో మోరియా దంపతులుగా నటించారు. విడిపోయే స్థితికి వచ్చిన ఆదిత్య, సంజన తమ వివాహాన్ని నిలుపుకోవాలని ఊటీలోని ఇంటికి వెళతారు. అక్కడ సంజనకు ఒక స్త్రీ ఉనికి తెలుస్తుంది. ఆదిత్యకు గతంలో మాలిని అనే యువతితో సంబంధం ఉండేదని, అతడు దూరం పెట్టగా ఆమె ఆత్మహత్య చేసుకుందని, శవాన్ని రహస్యంగా పూడ్చిపెట్టారని క్రమంగా బయటపడుతుంది. భర్త ప్రాణం దక్కాలంటే ఆ శవాన్ని వెతికి దహనం చేయాలి. సంజన ఆ పని చేస్తుంది, దాంపత్యం నిలబడుతుంది.

ఈ కథకు 2000లో వచ్చిన రాబర్ట్ జెమెకిస్ చిత్రం 'వాట్ లైస్ బినీత్' ప్రేరణ. రెండింటినీ పక్కపక్కన పెడితే హిందీ చిత్రం చేసిన మార్పు స్పష్టమవుతుంది. అమెరికన్ చిత్రంలో ఆ యువతిని చంపింది భర్తే. రహస్యం తెలిసిన భార్యను కూడా చంపబోయి చివరికి అతడే నీళ్ళలో మరణిస్తాడు. భార్య ఒంటరిగా మిగిలి చనిపోయిన యువతి సమాధి మీద పువ్వు ఉంచుతుంది. 'రాజ్'లో హత్య ఆత్మహత్యగా మారింది. నేరం బలహీనతగా మారింది. చనిపోయిన స్త్రీ న్యాయం కోరే సాక్షి స్థానం నుంచి దాంపత్యానికి శత్రువు స్థానానికి జారింది. మొదటి చిత్రంలో ఇద్దరు స్త్రీలు చివరికి ఒక పక్షం. రెండవ చిత్రంలో భార్య చేతనే రెండవ స్త్రీ శవాన్ని కాల్పించడం పరిష్కారం.

ఈ మార్పుకు మన సంప్రదాయంలో తగిన అచ్చు ముందే ఉంది. యముడి నుంచి భర్త ప్రాణాన్ని తెచ్చుకున్న సావిత్రి కథ తెలుగు టాకీ తొలినాళ్ళలోనే, 1933లో, సి. పుల్లయ్య దర్శకత్వంలో 'సతీ సావిత్రి'గా తెరకెక్కింది. అయితే సావిత్రి భర్త ఏ తప్పూ చేయలేదు. అతడికి ఆయువు తక్కువ, అంతే. 'రాజ్' సావిత్రి కథను తీసుకుని తప్పుచేసిన భర్తకు అతికింది. భార్య చేసే పోరాటం గొప్పగా కనిపించే కొద్దీ భర్త చేసిన తప్పు చిన్నదైపోతుంది. విడాకుల అంచు దాకా వెళ్ళిన స్త్రీ ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్నకు చిత్రం చివర్లో చోటు లేదు. వివాహాన్ని కాపాడినందుకు ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. మాలినికి మాత్రం దహనం దక్కింది, విచారణ దక్కలేదు.

'భూత్' (2003): ధర తక్కువ, మాట తక్కువ

2003 మే 30న విడుదలైన 'భూత్'లో రామ్‌గోపాల్ వర్మ కథను శివారు నుంచి ముంబయి బహుళ అంతస్తుల భవనానికి మార్చాడు. అజయ్ దేవగణ్, ఊర్మిళా మాతోండ్కర్ విశాల్, స్వాతి దంపతులు. చిత్రంలో పాటలు లేవు. నమ్మశక్యం కానంత తక్కువ ధరకు ఫ్లాట్ దొరుకుతుంది. అంతకు ముందు అక్కడ ఉన్న మంజీత్ అనే వితంతువు కొడుకును చంపి, పై నుంచి దూకి చనిపోయిందని విశాల్‌కు తెలుసు. దెయ్యాల మీద అతడికి నమ్మకం లేదు. చెబితే భార్య ఒప్పుకోదని దాచిపెడతాడు. విషయం తెలిసి ఆమె నిలదీస్తుంది. ఆ తరువాత స్వాతిని మంజీత్ ఆవహిస్తుంది.

ఇక్కడ విశాల్ చెడ్డవాడు కాడు. పరస్త్రీ సంబంధం లేదు, హింస లేదు. ఉన్నది ఒక దాపరికం. ఇల్లు ఇద్దరిదీ అయినప్పుడు దాని గురించిన సమాచారం ఒక్కరిదే కావడం. తన నమ్మకమే ఇంటి నమ్మకమని అతడు ముందే తీర్మానించుకున్నాడు. ఈ చిన్న అసమానతను కథకు ఇరుసుగా చేయడం 'భూత్' ప్రత్యేకత. భూమి వ్యవహారాల్లో అమ్మేవాడు లోపం దాచి అమ్మితే అది మోసమవుతుంది. దాంపత్యంలో అదే పని ప్రేమగా, జాగ్రత్తగా చెలామణి అవుతుంది.

రెండవ విశేషం మంజీత్ కథ ముగింపు. ఆమె కొడుకును చంపి ఆత్మహత్య చేసుకుందన్న మాట అబద్ధమని తేలుతుంది. ఇంటి యజమాని కొడుకు ఆమె మీద అత్యాచారానికి ప్రయత్నించగా ఆమె ప్రాణం పోయింది, నిజం తెలిసిన పసివాడినీ చంపేశారు. స్వాతి నోటి ద్వారా వచ్చిన మాట నమోదైన కథనాన్ని సరిదిద్దింది. 'రాజ్'లో భార్య రెండవ స్త్రీని వదిలించుకుంటే, 'భూత్'లో భార్య శరీరం రెండవ స్త్రీకి సాక్ష్యపు బోను అయింది. కాని ఈ సాక్ష్యానికి స్వాతి చెల్లించిన మూల్యం ఆమె స్పృహ. తన గొంతుతో ఆమె ఇంటి గురించి అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. మరొకరి గొంతుతో మాట్లాడినప్పుడే వైద్యుడు, పోలీసు, భర్త అందరూ వినడానికి వచ్చారు.

శిగం నుంచి పడకగదికి

ఆవహించిన స్త్రీ మాట్లాడటం సినిమా కనిపెట్టినది కాదు. తెలంగాణ గ్రామదేవతల కొలువులో శిగం ఊగడం నిత్య వ్యవహారం. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ పేరిట జరిగే జాతరల్లో స్త్రీలు శిగమెత్తి మాట్లాడతారు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహాంకాళి బోనాలలో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ ఆ ఏటి భవిష్యవాణి చెబుతుంది. ఆ వేళ ప్రభుత్వ ప్రతినిధులు సైతం చేతులు కట్టుకుని వింటారు. నన్ను మరిచారు, నా జాగా చెడగొట్టారు, నాకు చేయవలసినవి చేయలేదు అన్న తరహా ఫిర్యాదులు శిగంలో సహజం. ఊరు వాటికి జవాబు చెప్పుకుంటుంది, మొక్కు ఒప్పుకుంటుంది. అంటే శిగం ఒక బహిరంగ విచారణ. మాట్లాడే స్త్రీకి ఆ కాసేపు అధికారం ఉంటుంది, తరువాత ఆమె మామూలుగా ఇంటికి వెళుతుంది.

భయానక చిత్రం ఈ రూపాన్ని తీసుకుని ఊరిని తొలగించింది. ఫామ్‌హౌస్‌లో, ఫ్లాటులో ఊరు లేదు. స్త్రీ ఒంటరిగా మాట్లాడుతుంది, వినేవాడు భర్త ఒక్కడే. అతడు ముందు వైద్యుడిని, తరువాత మంత్రగత్తెను పిలుస్తాడు. ఇద్దరి పనీ ఆమె మాటను ఆపడమే. చిత్రంలో భయం పుట్టేది ఆవహించడం నుంచి కాదు, ఆవహించిన మాటకు శ్రోతలు లేకపోవడం నుంచి అని ఈ పోలిక సూచిస్తుంది.

ఈ విషయంలో 'చంద్రముఖి' (2005) ఆసక్తికరమైన ఉదాహరణ. 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' దీనికి మూలం. తమిళ చిత్రంలో భర్త అందరి హెచ్చరికలనూ తోసిపుచ్చి పాత రాజభవనం కొంటాడు. భార్య గంగ తనను చంద్రముఖిగా భావించుకుంటుంది. ఆ నర్తకి ఆంధ్రదేశం నుంచి తెచ్చిన స్త్రీ, ఆమె మాట్లాడేది తెలుగు. తమిళ ఇంటిలో భార్య పరాయి భాషలో మాట్లాడితేనే ఆమె కోపం బయటికి వస్తుంది. తెలుగులోకి వచ్చినప్పుడు ఈ భాషాభేదం కరిగిపోయింది, కోపం మాత్రం మిగిలింది. మనోవైద్యుడు గంగను స్వస్థపరుస్తాడు. ఆమె ఎందుకు ఒంటరిదైందన్న విచారణ చికిత్సలో భాగం కాలేదు.

ఈ చర్చకు తెర బయట ఒక బరువు ఉంది. బాణామతి, చేతబడి ఆరోపణలు తెలంగాణ పల్లెల్లో మనుషుల ప్రాణాలు తీశాయి. ఒంటరి స్త్రీలు, వృద్ధులు, బలహీన కులాల వారు వీటికి తేలికగా గురయ్యారు. సినిమాలో దెయ్యం పట్టిన భార్య మీద సానుభూతి ఉంటుంది, ఊరిలో అనుమానం పడిన ఆడమనిషి మీద ఉండదు. భయానక చిత్రాలను విశ్లేషించేవారు ఈ తేడాను విస్మరించరాదు.

తరువాతి దారులు

కోడి రామకృష్ణ 'అరుంధతి' (2009) తిరిగి సంస్థానపు కోటకు వెళ్ళింది. అయినా దాని మూలంలో ఉన్నది ఒక దుర్దాంపత్యమే. పశుపతి ఆ ఇంటి అల్లుడు. అతడి అకృత్యాలకు భార్య ఆత్మహత్య చేసుకుంటే చెల్లెలు జేజెమ్మ శిక్ష విధిస్తుంది. ఇక్కడ దెయ్యం అన్యాయం పొందిన స్త్రీ కాదు, అన్యాయం చేసిన భర్త. తెలుగు భయానక చిత్రం ఈ తిరగవేతతో పెద్ద విజయం పొందడం గమనార్హం.

మహి వి. రాఘవ్ 'ఆనందో బ్రహ్మ' (2017)లో తల్లిదండ్రుల ఇంటిని విదేశం నుంచి వచ్చిన కొడుకు అమ్మజూపుతాడు. దెయ్యాలున్నాయన్న పేరు వల్ల కొనేవారు రారు. కథ హాస్యంగా నడిచినా, దెయ్యం ఇంటి ధరను నిర్ణయించే అంశంగా తెర మీదికి సూటిగా వచ్చింది. 'భూత్'లో తక్కువ ధరగా కనిపించిన సంగతే ఇక్కడ పూర్తి కథావస్తువైంది.

2022 నవంబరులో వచ్చిన 'మసూద' ఈ క్రమంలో వేరుగా నిలుస్తుంది. భర్త హింస భరించలేక విడిపోయిన నీలం అనే ఉపాధ్యాయిని కూతురితో అద్దె ఇంట్లో ఉంటుంది. దెయ్యం పట్టేది కూతురిని. భర్త నమ్ముతాడా లేదా అన్న ప్రశ్న ఈ చిత్రంలో లేదు, ఎందుకంటే ఆమె అప్పటికే ఆ గడప దాటింది. దాంపత్యాన్ని నిలబెట్టడం కథకు లక్ష్యం కాకుండా పోయిన తరువాత కూడా భయానక చిత్రం నడవగలదని 'మసూద' చూపింది. 'రాజ్' నుంచి ఇరవై ఏళ్ళలో వచ్చిన మార్పు ఇది.

ఆ ఏడాదే, 2022 ఏప్రిల్‌లో, తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో 111 పరిధిలోని ఆంక్షలను సడలించే నిర్ణయం ప్రకటించింది. ఒంటరి ఫామ్‌హౌస్‌ల స్థానంలో కాలనీలు, అపార్టుమెంట్లు వచ్చే అవకాశం చర్చలోకి వచ్చింది. చేవెళ్ళ, మొయినాబాద్ పొలాల్లో మిగిలిన గద్దెలకు, సమాధులకు ఆ చర్చలో చోటు దొరకలేదు.

ముగింపు

పరిశీలించిన చిత్రాలను బట్టి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, భయానక చిత్రంలోని ఇల్లు వారసత్వపు ఆస్తి నుంచి దంపతులు స్వయంగా ఎంచుకున్న ఇల్లుగా మారింది. ఈ మార్పు తెలుగులో నగర శివారు ఫామ్‌హౌస్ ద్వారా వచ్చింది. రెండవది, ఇంటి గతాన్ని దాచడం, దాంపత్యంలో నిజాన్ని దాచడం ఈ చిత్రాల్లో ఒకే చర్యకు రెండు ముఖాలు. మూడవది, చనిపోయిన స్త్రీ పట్ల చిత్రం తీసుకునే వైఖరే బతికి ఉన్న భార్య పట్ల దాని వైఖరికి కొలమానం. 'రాజ్'లో ఆమెను కాల్చడం ద్వారా వివాహం నిలిచింది. 'భూత్'లో ఆమె మాట నిజమని ఒప్పుకోవడం ద్వారా ఇంటికి శాంతి దొరికింది.

2005లో వచ్చి 2006 అక్టోబరు నుంచి అమలైన గృహహింస నిరోధక చట్టంలోని 17వ సెక్షను, హక్కుపత్రం ఎవరి పేరున ఉన్నా ఉమ్మడి గృహంలో నివసించే హక్కు స్త్రీకి ఉందని చెప్పింది. ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నకు దస్తావేజు ఒక్కటే జవాబు కాదని చట్టం అంగీకరించిన సందర్భమిది. భయానక చిత్రాలు అంతకు ముందు నుంచీ అదే మాటను మరో భాషలో చెబుతూ వచ్చాయి. దస్తావేజులో పేరులేని స్త్రీలు, బతికినవారు, చనిపోయినవారు, ఆ ఇంట్లో తమకున్న హక్కును అడిగిన కథలుగా వీటిని చదివినప్పుడు, తెలుగు, హిందీ సినిమా చరిత్రలో ఈ చిత్రాలకు ఇంతవరకు దక్కినదాని కన్నా ఎక్కువ చోటు ఇవ్వవలసి ఉంటుంది.